ఊరు కాని ఊళ్లో ఆపద్బాంధవులు

రెండేళ్లకోసారి, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం సెలవులకు అటూ ఇటూగా, ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) మహాసభలు జరుగుతాయి. 24వ మహాసభలు 2025 జులై 3, 4, 5 తేదీల్లో మిషిగన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ శివారు పట్టణమైన నోవైలో జరిగాయి. సినిమా తారలు, సంగీత విభావరులు, రాజకీయ నాయకుల ప్రసంగాలు, పెళ్లి సంబంధాల పరిచయ వేదికలు, అరిటాకు భోజనాలు: మహాసభలంటే పత్రికల్లో, టీవీల్లో కనిపించేవి ఇవే. ఇదే జనంలో, మెడలో బ్యాడ్జీతో ఏ మూలనో నిలబడి, మోగిన ఫోన్ తీసుకుని పక్కకు వెళ్లేవాళ్లు కొందరుంటారు. వాళ్లు డాలస్, అట్లాంటా, షికాగో, డెట్రాయిట్, న్యూజెర్సీ వంటి చోట్ల తెలుగువారికి ఆపద వచ్చినప్పుడు ముందుగా కదిలే వాలంటీర్లు. ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని బడికి దింపుకుంటూ, మిగిలిన వేళల్లో ఆసుపత్రికీ పోలీస్ స్టేషన్‌కీ తిరిగే మనుషులు. సంఘాల మహాసభలు వీళ్లందరూ ఒకరినొకరు ముఖాముఖి చూసుకునే చోటు. ఏ నగరంలో ఎవరిని పిలవాలో తెలిసేది ఇలాంటి పరిచయాలతోనే.

ఈ మహాసభలు జరిగేది హైదరాబాద్‌కు పదివేల కిలోమీటర్లకు పైగా దూరంలో. అయినా ఆ వాలంటీర్లతో అందరికంటే ఎక్కువ అవసరం పడేది దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీనగర్ లాంటి చోట్ల ఉన్న కుటుంబాలకే.

ఎల్‌బీనగర్ కూడలి నుంచి

విజయవాడ జాతీయ రహదారి, నాగార్జునసాగర్ రోడ్డు, ఉప్పల్ వైపు, ఆరాంఘర్ వైపు వెళ్లే ఇన్నర్ రింగ్ రోడ్డు కలిసే చోటు ఎల్‌బీనగర్. నల్గొండ, సూర్యాపేట, ఖమ్మం, కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి వచ్చే బస్సు హైదరాబాద్‌లో అడుగుపెట్టేది ఇక్కడే. దిగిన మనిషి దగ్గర్లోనే ఇల్లు చూసుకుంటాడు. సరూర్‌నగర్, కొత్తపేట, చైతన్యపురి, వనస్థలిపురం, హయత్‌నగర్ కాలనీలు అలా ఊళ్ల నుంచి వచ్చిన ఉద్యోగులు, ఉపాధ్యాయులు, చిన్న వ్యాపారులతో నిండాయి. ఎల్‌బీనగర్ ఒకప్పుడు విడి పురపాలక సంఘం, 2007లో గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2018 సెప్టెంబర్ 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీనగర్ దాకా మెట్రో వచ్చాక కూడా ప్రాంతం స్వభావం పెద్దగా మారలేదు. పొలం మీద వచ్చే కొద్దిపాటి రాబడి, ఒక జీతం, ఒక ఫ్లాటు, చదివే ఇద్దరు పిల్లలు: ఇక్కడి ఇళ్లలో ఎక్కువ భాగం ఇలాంటివే.

ఆ పిల్లల చదువే దగ్గర్లోని దిల్‌సుఖ్‌నగర్‌ను కోచింగ్ కేంద్రంగా మార్చింది. గ్రూప్స్‌కు, బ్యాంకు పరీక్షలకు, సాఫ్ట్‌వేర్ కోర్సులకు జిల్లాల నుంచి వచ్చే యువతకు సందు సందునా హాస్టళ్లు లేచాయి. వాటి పక్కనే జీఆర్ఈ, ఐఈఎల్‌టీఎస్ శిక్షణ, విదేశీ విద్య కన్సల్టెన్సీలు వెలిశాయి. బీటెక్ అయిపోగానే యూనివర్సిటీల జాబితా, ఐ-20 పత్రం, బ్యాంకులో చూపించాల్సిన సొమ్ము, విద్యారుణం, వీసా ఇంటర్వ్యూ, చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు, రెండు సూట్‌కేసులు. 2008 అక్టోబర్‌లో హైదరాబాద్‌లోనే అమెరికా కాన్సులేట్ తెరవడంతో వీసా కోసం చెన్నై వెళ్లే బాధ తప్పింది, వెళ్లేవాళ్లూ పెరిగారు. 2024-25 విద్యా సంవత్సరంలో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. విదేశీ విద్యార్థుల్లో ఏ దేశం వాళ్లూ ఇంతమంది లేరు. ఇందులో తెలుగువారి వాటా పెద్దది. 2010-2017 మధ్య అమెరికాలో అన్నిటికంటే వేగంగా పెరిగిన భాష తెలుగేనని అక్కడి జనగణన లెక్కలు చెప్పాయి. ఆ ఏడేళ్లలో పెరుగుదల 86 శాతం.

వెళ్లేవాళ్లు మొదటి తరం వాళ్లు. అక్కడ మేనమామ లేడు, బాబాయి లేడు. విమానాశ్రయంలో దింపి వచ్చిన తల్లిదండ్రుల చేతిలో ఉండేది పిల్లవాడి వాట్సాప్ నంబరు, మహా అయితే రూమ్మేట్ నంబరు.

సాంస్కృతిక సంఘం నుంచి హెల్ప్‌లైన్ దాకా

తానా తొలి మహాసభలు 1977లో న్యూయార్క్‌లో జరిగాయి. తొలి అధ్యక్షుడు డాక్టర్ కాకర్ల సుబ్బారావు. రేడియాలజిస్టుగా అమెరికాలో పేరు తెచ్చుకుని, ఆ తర్వాత హైదరాబాద్ తిరిగి వచ్చి నిమ్స్‌ను నిలబెట్టిన మనిషి ఆయనే. ఆ కాలంలో అక్కడికి వెళ్లినవాళ్లలో వైద్యులు, ఇంజనీర్లు ఎక్కువ. స్థిరపడిన కుటుంబాలు కాబట్టి వాళ్లకు కావలసింది ఆపత్కాల సాయం కాదు, పిల్లలకు నాలుగు తెలుగు మాటలు, ఉగాదికి ఒక వేదిక. నగరాల్లోని సంఘాలూ అందుకే పుట్టాయి. డాలస్‌లో ఉత్తర టెక్సస్ తెలుగు సంఘం (టాంటెక్స్) ఈనాటికీ ‘నెల నెలా తెలుగు వెన్నెల’ పేరిట సాహిత్య సభ నడుపుతోంది. తర్వాత అమెరికా తెలుగు సంఘం (ఆటా), 2009లో ఉత్తర అమెరికా తెలుగు సొసైటీ (నాట్స్), ఆపై ఉత్తర అమెరికా తెలుగు అసోసియేషన్ (నాటా), తెలంగాణ అమెరికన్ తెలుగు సంఘం (టీటీఏ) వచ్చాయి.

పరిస్థితి మారింది విద్యార్థులు, కాంట్రాక్టు మీద పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పెద్ద సంఖ్యలో రావడం మొదలయ్యాక. ప్రమాదాలు, చెరువుల్లో జలపాతాల్లో మునిగిపోవడాలు, దుకాణాల్లో దోపిడీలు, గుండెపోట్లు, ఆత్మహత్యలు. ఉగాది వేడుకల కోసం పెట్టుకున్న ఫోన్ నంబర్లకు అర్ధరాత్రి ఫోన్లు రాసాగాయి. తానా ఇందుకోసం ‘టీమ్ స్క్వేర్’ పేరిట అత్యవసర సహాయ విభాగాన్ని ఏర్పాటు చేసింది. నాట్స్ తన టోల్‌ఫ్రీ హెల్ప్‌లైన్ నంబరు చివర ‘తెలుగు’ అనే మాట వచ్చేలా ఎంచుకుంది, ‘భాషే రమ్యం, సేవే గమ్యం’ అన్నది ఆ సంఘం నినాదం. పద్ధతి అన్ని సంఘాలదీ దాదాపు ఒకటే. కేంద్రంలో ఫోన్ తీసేవారు ఒకరిద్దరు, ప్రాంతానికో సమన్వయకర్త, ఆయన కింద నగరంలో పిలిస్తే వెళ్లగలిగే పదిమంది. ఈ పదిమంది పేర్లూ నంబర్లూ సరిగ్గా ఉంటేనే మిగతా నిర్మాణానికి విలువ. పెద్ద విరాళం కంటే, ఆ జాబితాను తాజాగా ఉంచే మనిషే సంఘానికి ముఖ్యమని ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు.

అట్లాంటా మహానగర తెలుగు సంఘం (తామా) ఇంకో అడుగు వేసి ఉచిత క్లినిక్ నడుపుతోంది. తెలుగు వైద్యులు వంతులవారీగా వచ్చి చూస్తారు. బీమా లేని విద్యార్థికీ, పిల్లల దగ్గరకు వచ్చి ఒంట్లో బాగాలేక చిక్కుకుపోయిన తల్లిదండ్రులకూ అలాంటి తలుపు ఎంత అవసరమో అమెరికా ఆసుపత్రి బిల్లు చూసినవారు ఊహించగలరు.

‘బాడీ ఎప్పుడొస్తది?’

2025 జనవరిలో చైతన్యపురి ప్రాంతానికి చెందిన ఒక యువకుడు కనెక్టికట్‌లో దుండగుల కాల్పులకు బలయ్యాడు. అదే ఏడాది అక్టోబర్ 3న, ఇక్కడ దంతవైద్యం పూర్తిచేసి పైచదువుకు టెక్సస్ వెళ్లిన ఎల్‌బీనగర్ యువకుడు, డాలస్ ప్రాంతంలో ఒక గ్యాస్ స్టేషన్‌లో పనిలో ఉండగా కాల్పుల్లో చనిపోయాడు. తొమ్మిది నెలలు తిరగకుండానే రెండు మరణాలు, రెండూ కొద్ది కిలోమీటర్ల దూరంలోని ఇళ్లవాళ్లవే. వార్త తెలిసిన మరుక్షణం ఇలాంటి ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: బాడీ ఎప్పుడొస్తది?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగే స్థితికి రావడానికి అక్కడ జరగాల్సిన పని చాలా ఉంటుంది. హత్య, ప్రమాదం, కారణం తెలియని మరణం ఏదైనా మృతదేహం ముందు కౌంటీ మెడికల్ ఎగ్జామినర్ అధీనంలోకి వెళుతుంది. పోస్టుమార్టం ముగిసేదాకా తండ్రి అడిగినా ఇవ్వరు. తర్వాత దాన్ని తీసుకోవడానికి లైసెన్సు ఉన్న ఫ్యూనరల్ హోమ్ కావాలి. అక్కడ ఎంబామింగ్ చేసి, గాలి చొరని పేటికలో పెట్టి, మరణ ధ్రువపత్రం, ఎంబామింగ్ పత్రం, అంటువ్యాధి లేదన్న లేఖ సిద్ధం చేస్తారు. ఇవన్నీ భారత కాన్సులేట్‌కు చేరాలి. టెక్సస్ అయితే హ్యూస్టన్, కనెక్టికట్ అయితే న్యూయార్క్, మిషిగన్ అయితే షికాగో. కాన్సులేట్ మరణాన్ని నమోదు చేసి, పాస్‌పోర్టు రద్దు చేసి, అభ్యంతరం లేదన్న పత్రం ఇస్తేగానీ విమానసంస్థ పేటికను కార్గోలో తీసుకోదు. నడుమ శనాదివారాలో పండగ సెలవో వస్తే ఆ రోజులు పోయినట్టే. శంషాబాద్‌లో దిగాక విమానాశ్రయ ఆరోగ్య విభాగం, కస్టమ్స్ అనుమతులు మళ్లీ విడిగా ఉంటాయి.

పుట్టెడు దుఃఖంలో ఉన్న ఇరవై రెండేళ్ల రూమ్మేట్ ఈ పనులన్నీ ఒంటిచేత్తో చేయలేడు. అక్కడే నగర వాలంటీర్ అవసరం. ఏ ఫ్యూనరల్ హోమ్‌కు భారతదేశానికి పంపిన అనుభవం ఉందో, కాన్సులేట్‌లో అత్యవసర విభాగానికి ఏ పత్రం ముందు పంపాలో, డిటెక్టివ్‌తో ఎవరు మాట్లాడాలో వాళ్లకు తెలుసు. కుటుంబం తరఫున అక్కడ సంతకం పెట్టడానికి తండ్రి నుంచి అధికార పత్రం రాయించి తెప్పించుకుంటారు. డాలస్‌కూ హైదరాబాద్‌కూ అక్టోబర్‌లో పదిన్నర గంటల తేడా. అక్కడ కార్యాలయాలు తెరిచే వేళకు ఇక్కడ చీకటి పడిపోయి ఉంటుంది. అందుకే కుటుంబంతో మాట్లాడే పని ఒక్కరికే అప్పగిస్తారు, రోజుకోసారి, చెప్పిన వేళకు, ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి. చూడ్డానికి చిన్న కట్టుబాటు. దాన్ని పాటించని చోట పది మంది పది రకాల కబుర్లు చెప్పి, తల్లిదండ్రులను రెట్టింపు క్షోభపెట్టిన సందర్భాలు తక్కువేమీ కావు.

2023 మే 6న టెక్సస్‌లోని అలెన్ షాపింగ్ మాల్‌లో జరిగిన సామూహిక కాల్పుల్లో హైదరాబాద్‌కు చెందిన యువ ఇంజనీరు ఒకరు మరణించినప్పుడు, భౌతికకాయాన్ని ఇంటికి చేర్చే పనిలో తానా వాలంటీర్లు కుటుంబానికి తోడు నిలిచారు. డాలస్‌లో స్థిరపడ్డ తెలుగువారి సంఖ్య, వారి సంఘాల అనుభవం అక్కడ అక్కరకొచ్చాయి. నగరానికి దూరంగా, తెలుగు కుటుంబాలు పదీ పన్నెండు కూడా లేని చిన్న విశ్వవిద్యాలయ పట్టణంలో ఇలాంటిది జరిగితే మూడు నాలుగు గంటలు కారు నడుపుకుంటూ ఎవరో ఒకరు వెళ్లాలి. అలా వెళ్లేవాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ సావనీర్‌లోనూ పెద్ద అక్షరాల్లో కనిపించవు.

డబ్బు సంగతి వేరు. గోఫండ్‌మీ లాంటి విరాళాల సేకరణ వేదికలు వచ్చాక ఒక్క రాత్రిలో వేల డాలర్లు పోగవుతున్నాయి. మనవాళ్ల ఔదార్యానికి అది నిదర్శనమే. అయితే ఎవరి పేరున ఖాతా తెరిచారు, సొమ్ము ఎవరికి చేరింది అన్న లెక్క స్పష్టంగా ఉండాలి. నమోదైన స్వచ్ఛంద సంస్థ ద్వారా సేకరిస్తే ఆ లెక్కకు ఒక జవాబుదారీ ఉంటుంది. భారత ప్రభుత్వం 2009లో ఏర్పాటు చేసిన ప్రవాస భారతీయుల సంక్షేమ నిధి కూడా ఉంది. ఆర్థిక స్తోమత లేనివారి మృతదేహాల తరలింపుకు, న్యాయ సహాయానికి రాయబార కార్యాలయాలు దాన్నుంచి ఖర్చు చేయవచ్చు. ఫిర్యాదు, వినతి నమోదుకు 2015లో విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్ తెచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో వీసా కోసం వరుస కట్టేవారిలో ఈ రెండింటి పేరూ విన్నవారు అరుదు.

చట్టం చేతికి చిక్కినప్పుడు

మరణం తర్వాత వాలంటీర్లకు అంత కష్టమైన పని నిర్బంధం. 2011 జనవరిలో కాలిఫోర్నియాలోని ప్లెజంటన్‌లో ట్రైవ్యాలీ యూనివర్సిటీపై అధికారులు దాడి చేశారు. అక్కడ చేరిన సుమారు 1,500 మందిలో అత్యధికులు భారతీయులు, వారిలోనూ ఎక్కువమంది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాళ్లు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కట్టడం భారతదేశమంతటా ఆగ్రహం రేపింది. నాటి తానా అధ్యక్షుడు కోమటి జయరాం కాలిఫోర్నియా వాసే. సంఘం వాలంటీర్లు విద్యార్థులకు న్యాయవాదులను చూపించడం, వేరే యూనివర్సిటీకి మారే దారి చెప్పడం వంటి పనులకు దిగారు. తెలుగు సంఘాలకు ఇమిగ్రేషన్ చట్టం అ ఆలు నేర్పింది ఆ ఏడాదే. యూనివర్సిటీ అధిపతికి 2014లో 16 ఏళ్లకు పైగా జైలు శిక్ష పడింది.

ఎనిమిదేళ్ల తర్వాత వచ్చిన ఫార్మింగ్టన్ వ్యవహారం ఇంకా దారుణం. డెట్రాయిట్ శివార్లలోని ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక కార్యాలయం, ఒక వెబ్‌సైట్, ఒక చిహ్నం. పాఠాలు లేవు, పంతుళ్లు లేరు. ఆ ‘యూనివర్సిటీ’ని నడిపింది అమెరికా అంతర్గత భద్రతా విభాగం అధికారులే. వీసా హోదా నిలుపుకుంటూ ఉద్యోగం చేసుకోవాలనుకున్న సుమారు 600 మంది అందులో చేరారు. 2019 జనవరి చివరి రోజుల్లో దేశవ్యాప్తంగా 130 మంది విద్యార్థులను నిర్బంధించారు, వారిలో 129 మంది భారతీయులు, ఎక్కువమంది తెలుగువారు. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మందిపై నేరాభియోగాలు మోపారు. వాళ్లలోనూ తెలుగువారే అధికం. ఫిబ్రవరి 2న భారత ప్రభుత్వం అమెరికా రాయబార కార్యాలయానికి అధికారికంగా నిరసన తెలిపింది, వాషింగ్టన్‌లోని మన రాయబార కార్యాలయం 24 గంటల హెల్ప్‌లైన్ తెరిచింది.

నిర్బంధితులు ఒకచోట లేరు, వేర్వేరు రాష్ట్రాల జైళ్లలో చెల్లాచెదురుగా ఉన్నారు. ఎవరు ఎక్కడున్నారో తెలుసుకోవడమే తొలి పని. తానా, ఆటా వంటి సంఘాల నగర వాలంటీర్లు జైళ్లకు వెళ్లి చూశారు, న్యాయవాదులను పురమాయించారు, ఇంటికి కబురు చేర్చారు. తప్పు ఎవరిదన్న వాదన అప్పుడూ నడిచింది, ఇప్పుడూ నడుస్తోంది. ఒక ప్రభుత్వమే ఫీజు కట్టించుకుని బోధించకపోవడం ఏం న్యాయమని ఒక విద్యార్థి వేసిన దావాను విచారించవచ్చని 2024 జూన్‌లో అక్కడి ఫెడరల్ అప్పీలు కోర్టు తేల్చింది. ఏదేమైనా, కటకటాల వెనక ఉన్నవాడు ముందు మనిషి, తర్వాతే నిందితుడు అన్న నియమం మీద వాలంటీర్లు పనిచేశారు. అది సరైన నియమం. 2025 మహాసభలు జరిగిన నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌కు పక్క పట్టణమే.

2025 వసంతంలో ఫోన్లు మళ్లీ మోగాయి. చిన్న ట్రాఫిక్ కేసుల వంటి కారణాలతో, కొన్నిసార్లు కారణమే చెప్పకుండా, వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ (వారి హోదాను నమోదు చేసే ప్రభుత్వ వ్యవస్థ) రికార్డులను రద్దు చేశారు. అమెరికా ఇమిగ్రేషన్ న్యాయవాదుల సంఘం పరిశీలించిన 327 ఉదంతాల్లో సగం భారతీయులవే. కోర్టుల్లో వరుస కేసుల తర్వాత ఏప్రిల్ 25న ప్రభుత్వం రికార్డుల పునరుద్ధరణకు ఒప్పుకుంది. ఆ నడుమ వారాల్లో విద్యార్థులకు కావలసింది డబ్బు కాదు. ‘వెంటనే దేశం వదిలి వెళ్లాలా, ఆగాలా’ అన్న ప్రశ్నకు అర్హత ఉన్న న్యాయవాది నుంచి సరైన జవాబు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగిన సలహాల్లో సగం తప్పుడువి. వాలంటీర్ తెలియనిది తెలియదని చెప్పి న్యాయవాది దగ్గరకు పంపడం ఇలాంటప్పుడు పెద్ద సేవ.

కరోనా కాలం కూడా ఈ దళాలకు పరీక్షే. 2020 మార్చి తర్వాత క్యాంపస్‌లు మూతపడి, ఉద్యోగాలు పోయి, విమానాలు ఆగిపోయినప్పుడు సంఘాల వాలంటీర్లు విద్యార్థుల గుమ్మాల దగ్గర సరుకులు పెట్టి వచ్చారు. వందే భారత్ విమానాల్లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి తొలి జట్టు మే 11న హైదరాబాద్ చేరింది.

పరాయి దేశంలో సొంత ఊరివాళ్లు సంఘంగా ఏర్పడి శవసంస్కారం చూసుకోవడం తెలుగువారితో మొదలైంది కాదు. 19వ శతాబ్దంలో శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనా కూలీల జిల్లాసంఘాలు తమవారి అస్థికలను సముద్రం మీదుగా స్వగ్రామాలకు పంపేవి. 1870లో హాంకాంగ్‌లో స్థాపించిన టుంగ్‌వా ఆసుపత్రి వాటిని అందుకుని ఊళ్లకు చేర్చేది. తూర్పు యూరప్ నుంచి న్యూయార్క్ చేరిన యూదులు ఒక్కో ఊరివాళ్లు ఒక్కో సంఘం పెట్టుకుని శ్మశానంలో ఉమ్మడిగా స్థలం కొనుక్కున్నారు. వాళ్లకు చావు పనే సంఘానికి పునాది, వేడుకలు తర్వాత వచ్చాయి. తెలుగు సంఘాలు వేడుకతో మొదలై ఆ బాధ్యత దగ్గరకు చేరాయి.

ఈ సంఘాలపై విమర్శలున్నాయి, అవి న్యాయమైనవే. ప్రాంతం, కులం లెక్కలతో సంఘాలు చీలాయి. పదవుల కోసం జరిగే ఎన్నికలు కోర్టు గుమ్మం దాకా కూడా వెళ్లాయి. తారల రాకపోకలకు అయ్యే ఖర్చులో కొంత అత్యవసర నిధికి ఇచ్చినా ఎన్నో కుటుంబాలకు ఊరట దొరికేది. అయితే రాత్రి రెండింటికి ఫోన్ వచ్చినప్పుడు వేర్వేరు సంఘాల వాలంటీర్లు కలిసి పనిచేయడం ఆ నగరాల్లో మామూలే. విద్యార్థులు వాళ్లను ‘అన్నా’ అనే పిలుస్తారు, ఏ సంఘమని అడగరు.

ఇటువైపు

డిసెంబర్ నెలల్లో దారి తిరగబడుతుంది. తానా ‘చైతన్య స్రవంతి’, ఆటా, టీటీఏల సేవా కార్యక్రమాల పేరిట వాలంటీర్లు ఇక్కడికొచ్చి వైద్య శిబిరాలు, ఉపకారవేతనాలు, బడులకు సామగ్రి అందిస్తారు. ఉపకారవేతనం అందుకున్న పిల్ల చదువు పూర్తవుతుంది కాబట్టి అది నిలిచే సాయం. ఒక్కరోజు శిబిరం అలా కాదు, మందుచీటీ రాసి వెళ్లిపోయాక ఆ రోగిని మళ్లీ చూసేవారుండాలి.

ఆదుకోవడం ఈ ప్రాంతానికి ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో సరూర్‌నగర్‌లోని రాజప్రాసాదం అనాథ పిల్లల ఆశ్రమమైంది, ఆ విక్టోరియా మెమోరియల్ పేరే నేడు మెట్రో స్టేషన్‌కూ ఉంది. 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్లలో గాయపడిన వందమందికి పైగా జనాన్ని అంబులెన్సు కోసం ఆగకుండా ఆటోల్లో, దొరికిన వాహనంలో ఆసుపత్రులకు చేర్చింది చుట్టుపక్కల దుకాణదారులు, దారినపోయేవాళ్లు. 2020 లాక్‌డౌన్‌లో ఎల్‌బీనగర్‌లో ఒక ప్రైవేటు ఉద్యోగి తన ఇంటి దగ్గరే ‘రైస్ ఏటీఎం’ పెట్టి, సొంత పొదుపు ఖర్చుచేసి, వచ్చిన ప్రతివారికీ బియ్యం, సరుకులు ఇచ్చారు. అదే ఏడాది అక్టోబర్ వరదల్లో సరూర్‌నగర్ చెరువు కింది కాలనీలు మునిగినప్పుడు అన్నం పొట్లాలు మోసుకొచ్చింది పక్క కాలనీల యువకులు.

లేనిదల్లా ఈ రెండు చివరలనూ కలిపే ముడి. అమెరికాలో వాలంటీర్ ఉన్నాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో వెళ్లే విద్యార్థి ఉన్నాడు, ఇద్దరికీ పరిచయం మాత్రం ఆపద వచ్చాకే అవుతోంది. డిసెంబర్‌లో వచ్చే బృందాలు ఒక పూట దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఎల్‌బీనగర్‌లోనో తల్లిదండ్రులను, పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడితే జరిగే మేలు ఇంకో సన్మాన సభతో రాదు.

చెప్పాల్సిన మాటలు కొన్నే. జే-1 వీసా మీద వెళ్లేవారికి మృతదేహం తరలింపుకు కనీసం 25,000 డాలర్ల బీమా ఉండాలని అమెరికా నిబంధన. మన పిల్లల్లో ఎక్కువమంది వెళ్లే ఎఫ్-1 వీసాకు అలాంటి కేంద్ర నిబంధన ఏదీ లేదు, ఆ నిర్ణయం ఆయా యూనివర్సిటీలది. చౌకగా దొరికిందని తీసుకున్న పాలసీలో ఆ అంశం ఉందో లేదో సంతకానికి ముందే చూడాలి. చదువుకునే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పని కుదరదు, అనుమతి లేకుండా బయట పనిచేస్తే హోదాకే ముప్పు. జీతం బాకీపెట్టినా, బెదిరించినా ఫిర్యాదు చేయలేని స్థితి అది. రాత్రిపూట దుకాణంలో పని చేయాల్సి వచ్చినవారు తుపాకీ చూపిస్తే గల్లా అప్పజెప్పాలి, ఎదురు తిరగకూడదు. మనసు కుంగినప్పుడు అమెరికాలోని మానసిక సంక్షోభ సహాయ నంబరు 988కు ఫోన్ చేయవచ్చు, అలా చేసినందుకు వీసా పోదు.

ఈ సీజన్‌లో మీ ఇంటి నుంచి ఎవరైనా వెళుతుంటే, టికెట్ బుక్ చేసే రోజే వాళ్ల పాస్‌పోర్టు, వీసా, ఐ-20, బీమా పాలసీ నకళ్లు ఒక ఫైల్లో పెట్టి ఇంట్లో ఉంచండి. రూమ్మేట్లు ఇద్దరి నంబర్లు, యూనివర్సిటీ విదేశీ విద్యార్థుల కార్యాలయం నంబరు, ఆ రాష్ట్రానికి సంబంధించిన భారత కాన్సులేట్ నంబరు, ఆ నగర తెలుగు సంఘం నంబరు ఒక కాగితం మీద రాసి అదే ఫైల్లో చేర్చండి. వెళ్లిన పిల్లలు మొదటి నెలలోనే ఆ సంఘం వాళ్లను ఒకసారి కలవాలని చెప్పి పంపండి.